మెల్కియోర్ వీధిలో మాంసం కొట్టు

వియన్నాలో మాంసం కొట్టు ముందు రాత్రంతా నిలబడడమన్నది సినిమా వాళ్లు పుట్టించిన దృశ్యం కాదు. మొదటి ప్రపంచయుద్ధం మొదలై ఏడాది తిరగకముందే ఆ మహానగరంలో పిండి కరువైంది. 1915 ఏప్రిల్‌లో రొట్టెకూ పిండికీ రేషన్ కార్డులు పెట్టారు. ఆ తర్వాత పంచదార, పాలు, కాఫీ, కొవ్వు ఒకదాని వెనక ఒకటి కార్డుల్లోకి ఎక్కాయి. కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన సరుకు దొరుకుతుందన్న పూచీ లేదు. అందుకని ఆడవాళ్లు, పిల్లలు తెల్లవారక ముందే వచ్చి కొట్ల ముందు క్యూ కట్టేవాళ్లు. ఆ క్యూల్లో జనం ఏం మాట్లాడుకుంటున్నారో, ఎవరిని తిట్టుకుంటున్నారో పోలీసులు రాసి పైవాళ్లకు పంపేవాళ్లు. ఆస్ట్రియా-హంగెరీ సామ్రాజ్యం నిలవదన్న మాట సైన్యాధిపతులు ఒప్పుకోకముందే క్యూల్లోని ఆడవాళ్లకు తెలిసిపోయింది.

1918లో యుద్ధం ముగిసింది, క్యూలు మాత్రం పోలేదు. ఆ క్యూనే కథకు మొదలుగా పెట్టుకుని గియోర్గ్ విల్‌హెల్మ్ పాబ్స్ట్ అనే దర్శకుడు తీసిన మూకీ చిత్రం 1925 మే 18న బెర్లిన్‌లోని మోట్సార్ట్‌జాల్ థియేటర్‌లో విడుదలైంది. పేరు 'డీ ఫ్రాయిడ్‌లోజే గాస్సె', అంటే ఆనందం లేని వీధి. ప్రేమ, డబ్బు, అంతస్తు ఒకదాన్నొకటి ఎలా నమిలి మింగుతాయో చూపించిన సినిమాలు ఆ తర్వాత చాలా వచ్చాయి. ఒక ఊరి చరిత్రను ఇంత దగ్గరగా పట్టుకున్నవి వాటిలో తక్కువ.

కథాకాలం 1921. మెల్కియోర్ వీధి అనే ఇరుకు సందులో కలిగినవాడు ఒక్కడే, కసాయి యోసెఫ్ గైరింగర్. అతని కొట్టు ముందు రాత్రంతా నిలబడే వాళ్లలో రెండు రకాల వాళ్లున్నారు. నేల అడుగున చీకటి గదిలో తల్లిదండ్రులతో బతికే మరియా లెఖ్‌నర్ ఒకరు. పైఅంతస్తులో మర్యాదస్తుల ఇంట్లో పుట్టి, ఆఫీసులో పని చేసుకునే గ్రేటె రుమ్‌ఫోర్ట్ మరొకరు. శాంతి రోజుల్లో ఈ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే అవసరం ఉండేది కాదు. ఇప్పుడు ఇద్దరూ ఒకే చలిలో, ఒకే గోడకు ఆనుకుని, ఒకే తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తున్నారు. తలుపు తెరుచుకున్నాక మాంసం ఎవరికి దక్కాలో కసాయి ఇష్టం. తన కంట్లో పడిన ఆడపిల్లకైతే ఉంటుంది, మిగతావాళ్లకు అయిపోతుంది. రాత్రంతా నిలబడ్డ గ్రేటె సొమ్మసిల్లి పడిపోయి వట్టి చేతులతో ఇంటికి వెళుతుంది.

ఈ ఇద్దరినీ ఒకే క్యూలోకి తెచ్చింది డబ్బు విలువ. ఆ లెక్క తెలియకపోతే సినిమా సగమే అర్థమవుతుంది. యుద్ధానికి ముందు ఒక డాలరుకు సుమారు 5 క్రోన్లు. 1922 ఆగస్టు నాటికి అదే డాలరుకు 83 వేల క్రోన్ల దాకా ఇవ్వాల్సి వచ్చింది. అయిదు కోట్ల పైచిలుకు జనమున్న సామ్రాజ్యం ముక్కలై, ఆస్ట్రియా వాటాకు 65 లక్షల మంది మిగిలారు. వాళ్లలో పాతిక శాతం పైగా వియన్నాలోనే ఉన్నారు. ధాన్యం పండే హంగెరీ, బొగ్గు తవ్వే బొహీమియా, మొరేవియా సరిహద్దు అవతలికి పోయాయి. తిండిగింజలు బయటి నుంచి కొని చౌకగా అమ్మడానికి ప్రభుత్వానికి డబ్బు కావాలి. పన్నుల మీద అంత రాదు. అందుకని నోట్లు అచ్చు వేసింది.

అలాంటి రోజుల్లో అప్పున్నవాడు బతికిపోయాడు, దాచుకున్నవాడు మునిగిపోయాడు. దేశభక్తితో యుద్ధ బాండ్లు కొన్న కుటుంబాలకు చివరికి చిత్తు కాగితాలు మిగిలాయి. ఆస్ట్రియా యుద్ధకాలంలో ఎనిమిది విడతలుగా అలాంటి బాండ్లు అమ్మింది. వాటిని నమ్మకంగా కొన్నవాళ్లు ఎక్కువగా ఉద్యోగస్తులు, పంతుళ్లు, ఆస్తి మీద వడ్డీతో బతికే విధవలు, అంటే గ్రేటె రుమ్‌ఫోర్ట్ కుటుంబం లాంటి వాళ్లు.

గ్రేటె తండ్రి రుమ్‌ఫోర్ట్ హోదా 'హోఫ్‌రాట్', ఆస్థాన సలహాదారు. 1919 ఏప్రిల్‌లో కొత్త గణతంత్రం ఉన్నత వంశాల బిరుదులను రద్దు చేసి, ఇంటిపేర్ల ముందు 'ఫాన్' అనే మాటను తీసేసింది. కానీ హోఫ్‌రాట్ లాంటి ఉద్యోగపు హోదాలు అలాగే ఉండిపోయాయి. ఆస్థానమూ లేదు, చక్రవర్తీ లేడు, సలహాదారు మాత్రం ఉన్నాడు. సామ్రాజ్యపు నలుమూలల్లో పనిచేసిన జర్మన్ మాట్లాడే అధికారులు ఎందరో ఉద్యోగం, ఊరు పోగొట్టుకుని వియన్నాకు చేరారు. అంత చిన్న దేశానికి అంతమంది గుమాస్తాలు అక్కరలేదు. సినిమాలో ప్రభుత్వం ఒక మాట చెబుతుంది: ముందే పదవీ విరమణ చేసేవాళ్లకు పింఛను బదులు ఒకేసారి మొత్తం ఇస్తాం. రుమ్‌ఫోర్ట్ ఆ మొత్తం తీసుకుని, ఎవరో చెప్పిన మాట నమ్మి, ఒక బొగ్గు గని షేర్లలో పెట్టేస్తాడు. దాంతో సర్వం పోతుంది.

ఇక్కడ సినిమా కాలాన్ని కొంచెం జరిపింది. ఉద్యోగాల కోత పెద్దయెత్తున వచ్చింది 1922 చివర, జెనీవా ఒప్పందం తర్వాత. చాన్సలర్ ఇగ్నాట్స్ జైపెల్, ఆయన మతగురువు కూడా, నానాజాతి సమితి పూచీతో 65 కోట్ల బంగారు క్రోన్ల అప్పు తెచ్చారు. అందుకు బదులుగా దేశపు ఖర్చులపై నిఘాకు విదేశీ అధికారి వచ్చి కూర్చున్నాడు. రోటర్‌డామ్ మాజీ మేయరు ఆల్ఫ్రెడ్ జిమ్మర్‌మన్ ఆయన. లక్ష మంది ఉద్యోగుల్ని తగ్గించాలన్నది షరతు. 1922 నవంబరు 18న నోట్ల ముద్రణ ఆగింది, క్రోను నిలబడింది, ఎన్నో వేల ఇళ్లలో పొయ్యి ఆరింది. 1925లో 10 వేల క్రోన్లకు ఒక షిల్లింగు లెక్కన కొత్త నాణెం వచ్చేసరికి రుమ్‌ఫోర్ట్ లాంటి వాళ్లు పాత లెక్కలు చెప్పుకోవడం కూడా మానేశారు. 1921 కథలో 1922 నాటి కోతను పెట్టినందుకు దర్శకుణ్ణి తప్పు పట్టనక్కర్లేదు. రెండూ ఒకే దెబ్బకు ముందూ వెనుకా.

రుమ్‌ఫోర్ట్‌ల ఇల్లు కూడా చెప్పుకోదగ్గదే. డబ్బులేని కుటుంబం అంత పెద్ద ఇంట్లో ఎలా ఉండగలిగిందంటే, దాని వెనక ఒక చట్టం ఉంది. 1917లో, సైనికుల కుటుంబాల్ని వీధిలోకి నెట్టకుండా అద్దెలు పెంచకూడదని ఆంక్ష పెట్టారు. యుద్ధం పోయినా ఆంక్ష పోలేదు. నోటు విలువ పడిపోయేసరికి ఇంటి అద్దె దాదాపు ఉచితమైంది. ఇళ్ల యజమానులు నష్టపోయారు, కొత్తగా ఇల్లు కట్టేవాడు లేకుండా పోయాడు. ఉన్న ఇంట్లో ఒక గదిని విదేశీయుడికి డాలర్లకు ఇవ్వడం మర్యాద కుటుంబాలకు ఊపిరి నిలబెట్టుకునే దారి అయింది. సోషల్ డెమొక్రాట్ల చేతిలో ఉన్న నగరపాలన 1923లో హ్యూగో బ్రైట్నర్ రూపొందించిన గృహపన్ను వసూలు చేసి, 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్లు కట్టింది. మరియా లాంటి వాళ్లు ఉండే నేల అడుగు గదుల నుంచి జనాన్ని వెలుతురులోకి తెచ్చే ప్రయత్నం అది. కథాకాలానికి అది ఇంకా మొదలవలేదు.

రుమ్‌ఫోర్ట్‌ల ఇంట్లో గది అద్దెకు తీసుకున్నవాడు అమెరికన్ రెడ్‌క్రాస్ లెఫ్టినెంట్ డేవిస్. డాలర్లలో ముందుగానే అద్దె ఇచ్చి, గ్రేటె చిన్న చెల్లెలు మారియాండ్ల్‌కు తిండి డబ్బాలు కూడా ఇస్తాడు. ఇలాంటి పాత్రకు ఆ రోజుల్లో నిజమైన ఆధారం ఉంది. యుద్ధానంతరం హెర్బర్ట్ హూవర్ నడిపిన అమెరికన్ సహాయ సంస్థ వియన్నా పిల్లలకు లక్షల్లో భోజనాలు పెట్టింది. లండన్‌లో ఎగ్లంటైన్ జెబ్ ఆస్ట్రియాలోని ఒక ఆకలి పిల్ల ఫొటో ఉన్న కరపత్రం పంచినందుకు 1919లో అరెస్టయ్యారు, కోర్టు 5 పౌండ్ల జరిమానా వేసింది. ఆ ఏడే ఆమె 'సేవ్ ద చిల్డ్రన్' సంస్థ స్థాపించారు. క్షయ వియన్నాలో ఎంతగా పాకిందంటే దాన్ని వియన్నా జబ్బు అనే పిలిచేవాళ్లు.

సినిమాలో ప్రేమ ఈ నేల మీదే నిలబడుతుంది. మరియా బ్యాంకు గుమాస్తా ఎగోన్ స్టిర్నర్‌ను ప్రేమిస్తుంది. ఎగోన్ కళ్లు ధనవంతుడు రోజెనోవ్ కూతురు రెగీనా మీద. ఆమెను అందుకోవాలంటే షేర్లాటకు పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడి సంపాదించి ఇస్తానని మరియా ఫ్రావ్ గ్రైఫర్ ఇంటికి వెళుతుంది. ముందుగదిలో ఆడవాళ్ల దుస్తుల కొట్టు, వెనకగదుల్లో డబ్బున్న మగవాళ్లకు ఆడపిల్లల్ని అందించే వ్యాపారం, అదీ ఆ ఇల్లు. అక్కడ కిటికీలోంచి మరియా చూసింది, తాను ఎవరి కోసం తనను అమ్ముకోవడానికి సిద్ధపడిందో అతను లాయరు భార్య లియా లైడ్‌తో ఉండడాన్ని. మరియా ఆమె గొంతు నులుముతుంది. నేరం ఎగోన్ మీదికి తోస్తుంది. చాలా ఆలస్యంగా పోలీసుల ముందు నిజం చెబుతుంది.

గ్రేటెది మరో దారి. అదే ఫ్రావ్ గ్రైఫర్ దగ్గర అప్పు తీసుకుని ఫర్ కోటు కొంటుంది. ఆ కోటు వేసుకోగానే ఆఫీసు యజమాని చూపు మారుతుంది. అప్పు తీర్చమని గ్రైఫర్ పిలుస్తుంది. ఆ ఇంటికి వెళ్లిన గ్రేటెను డేవిస్ కాపాడతాడు.

ఒకే క్యూలో నిలబడ్డ ఇద్దరిలో ఒకరికి డాలర్లున్న వరుడు దొరికాడు, ఇంకొకరికి జైలు దొరికింది. పాబ్స్ట్ దయగల దర్శకుడే, కానీ ఆయన దయ కూడా అంతస్తును బట్టి నడిచింది. పుట్టుకతో మర్యాదస్తురాలైన అమ్మాయిని అంచు దగ్గరే ఆపాడు. నేల అడుగు గదిలో పుట్టిన అమ్మాయిని లోపలికి పంపేశాడు. ఈ సినిమా గురించి ఆలోచించేటప్పుడు ఈ తేడాను దాటిపోవడం సరికాదు. కసాయి కొట్టులో మాంసం కోసం లొంగిపోయి, చివరికి అతన్నే చంపే ఎల్సె అనే పేద తల్లి పాత్ర కూడా అదే చెబుతుంది. ప్రేక్షకుడి కళ్లలో నీళ్లు తెప్పించే హక్కు గ్రేటెకు దక్కింది, చట్టానికి చిక్కే పని మరియాకూ ఎల్సెకూ పడింది.

డబ్బు మనుషులు మాత్రం పత్రికల్లోంచి నడిచి వచ్చినట్టే ఉంటారు. సినిమాలో రోజెనోవ్, షేర్లాటగాడు కానెజ్ కలిసి పెట్రోవిట్స్ బొగ్గు గనుల్లో సమ్మె జరుగుతుందన్న పుకారు లేపి షేరు ధర పడగొట్టి కొనేస్తారు. ఆ కాలపు వియన్నాలో అలాంటి ఆటకు అసలు మనుషులున్నారు. ట్రియెస్ట్‌లో పుట్టిన కమిల్లో కాస్టిలియోనీ అప్పుచేసి కర్మాగారాలు కొని, క్రోను పడిపోయాక ఆ అప్పుల్ని చిల్లరతో తీర్చి, మధ్య ఐరోపా అంతా పేరుమోసిన కుబేరుడయ్యాడు. యోసెఫ్‌స్టాట్ నాటకశాలను మాక్స్ రైన్‌హార్ట్ కోసం పునరుద్ధరించడానికి డబ్బిచ్చినవాడు ఆయనే. నోటు స్థిరపడ్డాక 1923లో షేరు పిచ్చి ఇంకా పెరిగి, గుమాస్తాలు, విద్యార్థులు, ఇళ్లలో పనివాళ్లు కూడా కొన్నారు. 1924 మార్చిలో ఫ్రెంచి ఫ్రాంకు పడిపోతుందని పందెం కాసిన వియన్నా ఆటగాళ్లు, ఫ్రాంకు తిరిగి లేచేసరికి కుప్పకూలిపోయారు. బ్యాంకులు మూతపడ్డాయి. బెర్లిన్ ప్రేక్షకులకు వియన్నా దూరపు ఊరేమీ కాదు. 1923 నవంబరులో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇచ్చిన అనుభవం వాళ్లకు ఇంకా పచ్చిగానే ఉంది.

సినిమా చివర వీధి జనం ఫ్రావ్ గ్రైఫర్ ఇంటి మీద రాళ్లు రువ్వుతారు. లోపల సంగీతం, బయట ఆకలి. దీనికి మూలం దొరకడం కష్టం కాదు. 1921 డిసెంబరు 1న కార్మికులు నగరం నడిబొడ్డులోకి ఊరేగింపుగా వచ్చారు. ఆ రోజు రింగ్ రోడ్డు హోటళ్ల అద్దాలు పగిలాయి, కొట్లు దోపిడీ అయ్యాయి.

ఆ కోపానికి దారి చూపించిన వాళ్లు కూడా ఉన్నారు. ఆకలికి కారణం యూదులేనని పత్రికలూ, వేదికలూ ఎక్కి చెప్పిన వాళ్ల గొంతు పెద్దదైంది. కాస్టిలియోనీ యూదు కుటుంబంలో పుట్టినవాడు కావడం వాళ్లకు ఆయుధమైంది. క్రోను పతనం మీద లాభం తీసిన మిగతా వ్యాపారుల పేర్లు ఆ వేదికల మీద వినపడలేదు. ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించిన రచయితల్లో ఒకడు ఈ సినిమాకు ఆధారమైన నవల రాసిన హ్యూగో బెటావర్. 1872లో వియన్నా దగ్గరి బాడెన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, తర్వాత క్రైస్తవం తీసుకున్నాడు. 1922లో 'యూదులు లేని నగరం' అనే నవల రాశాడు. యూదులందర్నీ వెళ్లగొట్టిన వియన్నా ఎలా కళ తప్పి, చివరికి వాళ్లను వెనక్కి పిలుచుకుందో ఆ కథ. అది 1924లో సినిమాగా కూడా వచ్చింది. అదే ఏడు ఆడామగా సంబంధాలు, విడాకులు, గర్భస్రావం గురించి బాహాటంగా మాట్లాడే వారపత్రిక పెట్టాడు. కోర్టుకు లాగారు, జ్యూరీ విడిచిపెట్టింది.

ఆ తీర్పు సహించలేనివాళ్లు ఊరుకోలేదు. 1925 మార్చి 10న ఒట్టో రోత్‌స్టాక్ అనే నాజీ సానుభూతిపరుడు, పళ్ల వైద్యశాలలో పనిచేసే కుర్రవాడు, బెటావర్ కార్యాలయంలోకి వెళ్లి కాల్చాడు. మార్చి 26న బెటావర్ చనిపోయాడు. తన నవల మీద పాబ్స్ట్ తీసిన సినిమాను ఆయన చూడలేదు. రోత్‌స్టాక్‌ను పిచ్చాసుపత్రికి పంపి, 1927లో బయటికి వదిలేశారు.

పాబ్స్ట్ విషయానికి వస్తే, ఆయన 1885లో బొహీమియాలో పుట్టి వియన్నాలో పెరిగాడు. యుద్ధమంతా ఫ్రాన్సులో నిర్బంధ శిబిరంలో గడిపి, ఆకలి రోజుల వియన్నాకు తిరిగి వచ్చాడు. సినిమాలోని వీధిని మాత్రం బెర్లిన్ స్టూడియోలో హాన్స్ జోన్లె, ఒట్టో ఎర్డ్‌మన్ అనే ఇద్దరు కట్టారు. మరియాగా నటించిన ఆస్టా నీల్సెన్ డెన్మార్క్ తార, 1910 నుంచి ఐరోపా మొత్తానికీ పరిచయం ఉన్న ముఖం, వయసు 43. గ్రేటెగా నటించిన గ్రేటా గార్బో వయసు 19. తనను తీర్చిదిద్దిన స్వీడిష్ దర్శకుడు మౌరిట్స్ స్టిల్లర్‌తో కలిసి ఇస్తాంబుల్‌లో మొదలుపెట్టిన చిత్రం డబ్బులేక ఆగిపోతే, ఈ అవకాశం వచ్చింది. అదే ఏడు వేసవిలో ఆమె అమెరికా ఓడ ఎక్కింది. ఫ్రావ్ గ్రైఫర్ పాత్రలో వాలెస్కా గెర్ట్ అనే బెర్లిన్ నర్తకి, కసాయిగా 'డాక్టర్ కాలిగారి' చిత్రంలో పేరుపొందిన వెర్నర్ క్రౌస్ కనిపిస్తారు. క్రౌస్ నటనలో ఒళ్లు జలదరించేంత నిజం ఉంది. కొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్లను అతను చూసే చూపే మాట లేని ఆ సినిమాలో పెద్ద సంభాషణ.

ఈ సినిమాకు ఎదురైన గతి కూడా కథ లాంటిదే. దేశానికో కత్తెర పడింది. ఇంగ్లండులో బహిరంగ ప్రదర్శనకు అనుమతి ఇవ్వలేదు. లండన్ ఫిల్మ్ సొసైటీ తన సభ్యులకు మాత్రమే చూపింది. ప్యారిస్‌లో 1926 జనవరిలో తెరిచిన ఉర్సులీన్ స్టూడియో తొలి ప్రదర్శనలో ఇది ఉంది. గార్బో హాలీవుడ్ తార అయ్యాక, అమెరికాలో 1927లో వచ్చిన ప్రతి చాలా కుదించినది. కోతలో ఎక్కువగా పోయింది మరియా భాగమే. ఆమె చేసిన హత్య, దాని తర్వాత వచ్చే నిజం ఒప్పుకోలు, కొన్ని ప్రతుల్లో మాయమయ్యాయి. అసలు నాయిక ఎవరో తెలియనంతగా సినిమా గార్బో కథగా మారిపోయింది. వీధిలో పేద అమ్మాయికి జరిగిన అన్యాయం తెర మీద కూడా జరిగింది.

చిత్రానుసరణ రాసిన విల్లీ హాస్ జీవితం మన దేశం దాకా వచ్చింది. ప్రాగ్‌లో పుట్టిన ఈ యూదు రచయిత, బెర్లిన్‌లో 1925 నుంచి 'డీ లిటరారిషే వెల్ట్' అనే సాహిత్య పత్రికను నడిపి, హిట్లర్ రాగానే ప్రాగ్‌కు వెళ్లిపోయాడు. 1939లో అక్కడి నుంచి బొంబాయి చేరి, మోహన్ భవ్‌నానీ చిత్రసంస్థకు కథలు రాసి పొట్టపోసుకున్నాడు. అదే సంస్థ కోసం సంగీతం చేసిన మరో నిర్వాసితుడు వాల్టర్ కౌఫ్‌మన్ హాస్‌కు పాత మిత్రుడు. రోజూ ఆకాశవాణి మొదలయ్యేటప్పుడు మన తెలుగు ఇళ్లల్లో వినిపించిన ఆ సిగ్నేచర్ ట్యూన్ కట్టింది ఆ కౌఫ్‌మనే. యుద్ధం తర్వాత హాస్ జర్మనీ తిరిగి వెళ్లి పత్రికల్లో విమర్శకుడిగా పనిచేశాడు.

మ్యూనిక్ ఫిల్మ్ మ్యూజియం వాళ్లు పలు దేశాల ఆర్కైవ్‌లలో మిగిలిన తునకలు వెతికి, సెన్సారు కాగితాలతో, పాత కథాసారాలతో సరిచూసుకుంటూ, దశాబ్దాల పాటు ఈ చిత్రాన్ని మళ్లీ కలిపారు. ఎన్నో ఏళ్లు గంటన్నర లోపు ప్రతులే తిరిగిన చోట ఇప్పుడు రెండున్నర గంటల నిడివి ఉంది. ఆ పెరిగిన గంటలో ఎక్కువ భాగం ఆస్టా నీల్సెన్‌దే. కానెజ్ కొనిచ్చిన ఖరీదైన బట్టల్లో బొమ్మలా కూర్చున్న మరియా, ఎగోన్ మీద నింద మోపిన మరియా, చివరికి ఆ నిందను తానే వెనక్కి తీసుకున్న మరియా, అందరూ ఆ ప్రతిలో ఉన్నారు. ఇకమీదట ఈ సినిమాను గార్బో తొలి చిత్రాల్లో ఒకటిగా కాక, నీల్సెన్ చిత్రంగా చూడడం మొదలుపెట్టాలి.